నన్నయ ప్రాథమ్యం – ప్రతికూల సాక్ష్యాలు: సాహిత్య చరిత్రకారుల స్పందనలు

ప్రవేశిక

తెలుగు సాహిత్య చరిత్రలో నన్నయకు రెండు ప్రాథమ్యాలు సంప్రదాయంగా సంక్రమించాయి. మొదటిది ఆదికవిత్వం. రెండవది ఆది వైయాకరణత్వం. తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుని (1022–1061) ఆస్థానంలో భారతాంధ్రీకరణకు పూనుకొన్న నన్నయభట్టు తెలుగులో తొలి కవి అనీ, ఆంధ్రశబ్దచింతామణి రచించి ఆ భాషకు తొలి వ్యాకరణాన్ని కూడా ఏర్పరచాడనీ శతాబ్దాల తరబడి పండితలోకం విశ్వసించింది. ఈ రెండు విశ్వాసాలకూ ప్రతికూలమైన సాక్ష్యాలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు రూపాల్లో ఎదురయ్యాయి. ఒక సాక్ష్యం 13వ శతాబ్దపు లక్షణగ్రంథంలో ఉంది. కొన్ని రాళ్లమీద ఉన్నాయి. మరొకటి తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలోని రాతప్రతిలో ఉంది.

ఈ సాక్ష్యాలు ఏం చెబుతున్నాయన్న విషయం మీద చర్చ చాలా జరిగింది. వాటిని ఎదుర్కొన్నప్పుడు పండితులు ఎలా స్పందించారన్న విషయం మీద మాత్రం తగినంత పరిశీలన జరగలేదు. సాక్ష్యం విశ్వాసాన్ని కాదన్నప్పుడు మనిషి విశ్వాసాన్ని విడిచిపెడతాడని అనుకోవడం సహజం. వాస్తవంలో అలా జరగడం అరుదు. లియాన్ ఫెస్టింజర్ మరి ఇద్దరితో కలిసి 1956లో ప్రచురించిన అధ్యయనం, ప్రళయం వస్తుందని నమ్మి రోజు లెక్కపెట్టుకొన్న ఒక చిన్న బృందం ఆ రోజు గడిచిపోయాక నమ్మకాన్ని వదలుకోకపోగా దాన్ని ప్రచారం చేయడానికి పూనుకొందని చూపింది. అయితే ఆ బృందంతో పండితులను పోల్చి ఊరుకొంటే సాహిత్య చరిత్రకు ఒరిగేదేమీ లేదు. పండితుడు సాక్ష్యాన్ని కాదనేటప్పుడు కారణం చెబుతాడు. ఆ కారణం కొన్నిసార్లు సరైనదే అవుతుంది. కాబట్టి ఏ కారణం విచారణను ముందుకు నడిపిస్తుంది, ఏది విశ్వాసానికి కంచె మాత్రమే కడుతుంది అన్న వివేచన అవసరం. నన్నయ ప్రాథమ్యానికి సంబంధించిన మూడు సందర్భాలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కేతన మాట – అప్పకవి కథ

తిక్కనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చి అభినవదండి అనిపించుకొన్న కేతన, 13వ శతాబ్దంలో ఆంధ్రభాషాభూషణం రచించాడు. తెలుగులో రాసిన తెలుగు వ్యాకరణాల్లో లభిస్తున్న తొలి గ్రంథమిది. దాని ఆరంభంలో కేతన తనకు ముందు తెలుగుకు లక్షణం చెప్పినవారు ఎవరూ లేరని స్పష్టంగా చెప్పుకొన్నాడు. ఆ మాట చెప్పిన పద్యంలోనే నన్నయభట్టు మొదలైన కవుల దయను స్మరించాడు. ఈ రెండు అంశాలు ఒకే పద్యంలో ఉండడం చాలా విలువైన విషయం. కేతనకు నన్నయ తెలుసు. కవిగా తెలుసు. గౌరవించదగిన పూర్వుడిగా తెలుసు. వ్యాకరణకర్తగా మాత్రం తెలియదు. నన్నయ వ్యాకరణం రాశాడని వినికిడైనా ఉన్నట్లయితే, ఆయన పేరెత్తి మరీ అంతకుముందు వ్యాకరణం లేదని చెప్పడం పొసగదు.

ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతంలో, ఆర్యావృత్తాల్లో, సంజ్ఞ, సంధి, అజంత, హలంత, క్రియ అనే ఐదు పరిచ్ఛేదాలుగా ఉన్న గ్రంథం. 17వ శతాబ్దానికి ముందు లక్షణగ్రంథాల్లో దాని పేరు వినిపించదు. ఆ శతాబ్దంలో ఎలకూచి బాలసరస్వతి దానికి టీక రాశాడు. కాకునూరి అప్పకవి 1656 ప్రాంతంలో ఆరంభించిన అప్పకవీయంలో దాన్ని విస్తరించి వ్యాఖ్యానించాడు. నన్నయ కాలానికీ ఈ గ్రంథం వెలుగుచూసిన కాలానికీ మధ్య దాదాపు ఆరు వందల ఏళ్ల దూరం ఉంది. ఈ దూరాన్ని పూరించే కథను అప్పకవి చెప్పాడు.

కథ ప్రకారం వేములవాడ భీమకవి రచించిన రాఘవపాండవీయం వెలుగులోకి వస్తే తన భారతానికి ప్రతిష్ఠ తగ్గుతుందని నన్నయ దాన్ని అణచివేశాడు. అందుకు కోపించి భీమకవి నన్నయ వ్యాకరణాన్ని గోదావరిలో కలిపాడు. రాజరాజు కుమారుడు సారంగధరుడు చిన్ననాడే దాన్ని కంఠస్థం చేసి ఉన్నాడు. తరవాత సిద్ధుడైన ఆ సారంగధరుడు మతంగ పర్వతం దగ్గర బాలసరస్వతికి దాన్ని అనుగ్రహించాడు. అక్కడినుంచి అది అప్పకవికి చేరుతుందని విష్ణువు కలలో కనిపించి చెప్పాడు.

ఈ కథను పుక్కిటి పురాణంగా కొట్టిపారేయడం తేలిక. దాని నిర్మాణాన్ని గమనిస్తే మాత్రం కథలోని ప్రతి మలుపూ ఒక ఆక్షేపణకు సమాధానంగా కనిపిస్తుంది. నన్నయ వ్యాకరణం రాసి ఉంటే లోకంలో ఎందుకు లేదు? గోదావరి పాలైంది. గోదావరి పాలైతే ఇప్పుడెలా దొరికింది? రాజకుమారునికి కంఠస్థమై ఉంది. 11వ శతాబ్దపు రాజకుమారుడు 17వ శతాబ్దపు పండితునికి ఎలా అందించాడు? అతడు సిద్ధుడు, చావు లేనివాడు. మధ్యకాలపు కవులు ఏ వ్యాకరణాన్ని పాటించారు? నన్నయ భారతంలోని ప్రయోగాలనే ప్రమాణంగా పెట్టుకొన్నారు. ఈ చివరి సమాధానాన్ని కూడా అప్పకవే ఇచ్చాడు. ఇన్ని సమాధానాలు ముందే సిద్ధం కావడాన్నిబట్టి ప్రశ్నలు అప్పటికే వినిపిస్తూ ఉండాలని ఊహించవచ్చు. ప్రశ్నలు లేనిచోట ఇంత పకడ్బందీ కథ పుట్టదు.

అప్పకవి మోసగించాడని తేల్చడం ఇక్కడ అవసరం లేదు. పాణినీయానికి మాహేశ్వర సూత్రాల నేపథ్యం ఉంది. సంస్కృత శాస్త్రానికి మునిత్రయం ప్రమాణం. తెలుగు వ్యాకరణం శాస్త్రం స్థాయిని పొందాలంటే దానికీ ఒక ముని, ఒక అవతరణగాథ కావలసి వచ్చాయి. 16వ శతాబ్దంలోనే రామరాజభూషణుడు వసుచరిత్రలో నన్నయను వాగనుశాసనుడిగా స్మరించాడు. భారతావతారికలో నన్నయకు శబ్దశాసన పాండిత్యాన్ని చెప్పే విశేషణం ఉంది. ఆ విశేషణానికి వ్యాకరణంలో నిష్ణాతుడని అర్థం చెప్పడం సరళం. వ్యాకరణం రచించినవాడని అర్థం చెప్పడం, ఆ రచన ఉందని ముందే నమ్మినవారికి సాధ్యం. విశ్వాసం ముందుంటే విశేషణం సాక్ష్యమవుతుంది. విశ్వాసం లేకపోతే అది విశేషణంగానే మిగులుతుంది.

అర్థాపత్తి – అనుపలబ్ధి

ఈ సందర్భాన్ని పరిశీలించడానికి భారతీయ ప్రమాణశాస్త్రంలోనే తగిన పరికరాలు ఉన్నాయి. దేవదత్తుడు పగలు తినడు, అయినా లావుగా ఉన్నాడు. ఈ రెండు విషయాలకూ పొత్తు కుదరాలంటే రాత్రి తింటున్నాడని కల్పన చేయాలి. మీమాంసకులు దీన్ని అర్థాపత్తి అన్నారు. కనిపించని విషయాన్ని కల్పించుకోవడం ఇక్కడ దోషం కాదు, ప్రమాణమే. అప్పకవి కథ కూడా పైకి ఇటువంటిదే. నన్నయ వ్యాకరణం రాశాడు, ఆరు శతాబ్దాలు అది కనిపించలేదు, కాబట్టి నీటిపాలై ఉండాలి.

తేడా ఒక్కచోట ఉంది. దేవదత్తుని విషయంలో లావూ ప్రత్యక్షం, పగటి ఉపవాసమూ ప్రత్యక్షం. రెండు నిశ్చిత విషయాల మధ్య విరోధాన్ని తొలగించడానికే కల్పన పుట్టింది. చింతామణి విషయంలో గ్రంథం కనిపించకపోవడం నిశ్చితం. నన్నయ దాన్ని రచించాడన్నది నిశ్చితం కాదు, నిరూపించవలసిన విషయం. నిరూపించవలసినదాన్నే ఆధారంగా తీసుకొని కల్పన చేస్తే అది అర్థాపత్తి అనిపించుకోదు. నైయాయికులు సాధ్యసమమనే హేత్వాభాసను గుర్తించింది ఇటువంటి చోటే.

రెండవ పరికరం అనుపలబ్ధి. వస్తువు కనిపించకపోవడం ఎప్పుడు దాని అభావాన్ని నిరూపిస్తుంది? వెలుతురున్న గదిలో నేలమీద కుండ కనిపించకపోతే కుండ లేదని చెప్పవచ్చు. పిశాచం కనిపించకపోతే పిశాచం లేదని ఆ కారణంతోనే చెప్పడం కుదరదు, ఎందుకంటే ఉన్నా కనిపించేది కాదు. ఉంటే కనిపించి తీరవలసిన వస్తువు కనిపించకపోవడమే యోగ్యానుపలబ్ధి. కేతన ఆంధ్రభాషాభూషణం రాస్తున్న సందర్భం వెలుతురున్న గది వంటిది. పూర్వ వ్యాకరణం ఉంటే తప్పక స్మరించవలసిన చోటు అది. పైగా కేతన మౌనంగా ఊరుకోలేదు, లేదని చెప్పాడు. అందువల్ల ఇక్కడ అనుపలబ్ధికి శబ్దప్రమాణం కూడా తోడైంది.

19వ శతాబ్దం చివర కందుకూరి వీరేశలింగం పంతులు కవుల చరిత్ర రచనకు పూనుకొన్నప్పుడు చింతామణి కర్తృత్వాన్ని సందేహించారు. అంతకుముందు గురజాడ శ్రీరామమూర్తి కవిజీవితాలు జనశ్రుతిలోని కథలను చాలావరకు ఆదరించి చేర్చుకొన్నాయి. వీరేశలింగం వాటిని ప్రశ్నించదగిన కథనాలుగా చూశారు. అప్పటినుంచి కర్తృత్వ వివాదం విద్వల్లోకంలో నిలిచిపోయింది. క్రమంగా నన్నయ కర్తృత్వాన్ని అంగీకరించేవారి సంఖ్య తగ్గింది. అయితే ఈ మార్పు ఒక్క కొత్త సాక్ష్యం వల్ల వచ్చింది కాదు. కేతన పద్యం అన్ని శతాబ్దాలూ ఉన్నదే. ఆ పద్యాన్ని సాక్ష్యంగా చదివే దృష్టి తరవాత వచ్చింది. సాక్ష్యం ఉండడం ఒకటి, దాన్ని సాక్ష్యంగా గుర్తించే విచారణ పద్ధతి ఉండడం మరొకటి అన్న సంగతిని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

రాళ్లమీది పద్యాలు

నన్నయ ఆదికవి అన్న విశ్వాసానికి ఎదురైన సాక్ష్యం వేరే రకానిది. దాన్ని ఎవరూ నీటిలో కలపలేరు. కడప సీమలోని కలమళ్లలో 575 ప్రాంతం నాటి రేనాటి చోళుల శాసనం తెలుగు వచనం నన్నయకు ఐదు వందల ఏళ్ల ముందే రాతకెక్కిందని చూపింది. వచనం ఉన్నంత మాత్రాన కవిత్వం ఉన్నట్టు కాదు గనుక ఆదికవి విశ్వాసానికి దానివల్ల చలనం కలగలేదు. పద్యశాసనాలు వెలుగుచూసిన తరవాత పరిస్థితి మారింది.

గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని అద్దంకి శాసనం 848 ప్రాంతానిది. బోయకొట్టాలు పన్నెండింటిని జయించిన ఆ వీరుని విజయాలను అది తరువోజలో కీర్తిస్తుంది. బెజవాడలోని యుద్ధమల్లుని శాసనం కార్తికేయునికి గుడి కట్టించిన విషయాన్ని మధ్యాక్కరలలో చెబుతుంది. అందులోని యుద్ధమల్లుడు ఎవరన్న నిర్ణయాన్నిబట్టి దాని కాలం 9వ శతాబ్ది చివరకో 10వ శతాబ్ది తొలి దశకాలకో చెందుతుంది. ఈ శాసనాన్ని జయంతి రామయ్య పంతులు ఎపిగ్రాఫియా ఇండికాలో పరిష్కరించి ప్రకటించారు. కరీంనగర్ ప్రాంతంలోని కురిక్యాల సమీపాన బొమ్మలగుట్టమీద కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం 945 ప్రాంతానిది. సంస్కృత కన్నడ పద్యాలతో పాటు తెలుగు కందాలు కూడా అందులో ఉన్నాయి.

తరువోజ, అక్కర దేశిఛందస్సులు. కందం మార్గచ్ఛందస్సుతో సంబంధమున్న జాతి. మూడు శాసనాలు మూడు వేర్వేరు ప్రాంతాలవి. యతిప్రాసల నియమాలు ఏర్పడి, రాజాస్థానం మెచ్చదగిన స్థాయికి పద్యరచన చేరిందనడానికి ఇవి చాలు. ఒక్క రాత్రిలో ఇంతటి పద్యవిద్య పుట్టదు. శాసనాలకు ముందు కూడా పద్యం ఉండి ఉండాలి.

ఈ సాక్ష్యానికి వచ్చిన స్పందనలు రెండు విధాలు. మొదటిది సాక్ష్యం విలువను తగ్గించడం. ఇవి దేశి పద్యాలు, దానధర్మాల లెక్కలు, కవిత్వం పేరుకు తగవు అన్న వాదం దీని రూపం. ఈ వాదంలో దోషం తేలికగానే కనిపిస్తుంది. దేశిఛందస్సులో ఉన్నది కవిత్వం కాదంటే, అక్కరలను తన భారతంలో వాడిన నన్నయకే ఆ ఆక్షేపణ తగులుతుంది.

రెండవ స్పందన ఆదికవి శబ్దానికి అర్థాన్ని సవరించడం. నన్నయ తొలి పద్యకర్త కాడు, లభిస్తున్న తొలి కావ్యానికి కర్త. తెలుగును పురాణేతిహాస గౌరవానికి అర్హమైన చంపూకావ్యభాషగా నిలిపినవాడు. సాహిత్య చరిత్రల్లో ప్రాఙ్నన్నయ యుగం అనే ప్రకరణం ఏర్పడింది ఈ సవరణ ఫలితంగానే. ఇది కూడా విశ్వాసాన్ని కాపాడుకొనే ఎత్తుగడ కాదా అన్న శంక కలగవచ్చు. పైకి చూస్తే పోలిక ఉంది. విశ్వాసానికి దెబ్బ తగిలినప్పుడు మాట అర్థం మార్చి మాటను నిలుపుకోవడం లోకంలో అతి సాధారణమైన పని.

అప్పకవి కథకూ ఈ సవరణకూ మధ్య భేదం రెండు విషయాల్లో ఉంది. సవరణ కొంత వదులుకొన్నది. నన్నయకు ముందు తెలుగు పద్యం లేదన్న ప్రతిజ్ఞను బాహాటంగా విడిచిపెట్టింది. కథ ఏమీ వదులుకోలేదు. అంతేకాక సవరించిన ప్రతిజ్ఞ కొత్త పరీక్షకు తనను తాను ఒప్పగించుకొన్నది. 11వ శతాబ్దం నడిమికి ముందటి కావ్యం ఒక్కటి లభించినా అది ఓడిపోతుంది. సారంగధరుని కథను ఓడించగల సాక్ష్యాన్ని ఊహించడం కూడా సాధ్యం కాదు. సిద్ధుడు చిరంజీవి అయినచోట ఎంతటి కాలవిరోధమైనా అడ్డు కాదు.

ఇక్కడ మరొక అంశం గమనించాలి. ఆదికవి అన్న బిరుదును నన్నయ తనకు తాను ఇచ్చుకోలేదు. తిక్కన విరాటపర్వం అవతారికలో నన్నయను ఆంధ్రకవిత్వంలో విశారదుడిగా కొనియాడాడు, మూడు కృతులు నిర్వహించిన దక్షతను మెచ్చుకొన్నాడు. తొలి కవి అనలేదు. అందువల్ల శాసనాలు కూలదోసింది నన్నయ మాటనో తిక్కన మాటనో కాదు, తరవాతి తరాలు పేర్చుకొన్న భావనను. సాక్ష్యం వల్ల పోయేది పూర్వుల గౌరవమా, పూర్వుల మీద మనం మోపిన మాటా అని విడదీసి చూసినప్పుడు ప్రతిఘటన చాలావరకు తగ్గుతుంది.

1909: పరీక్షకు వచ్చిన కావ్యం

సవరించిన ప్రతిజ్ఞకు పరీక్ష త్వరలోనే ఎదురైంది. మానవల్లి రామకృష్ణకవి (1866–1957) తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో నన్నెచోడుని కుమారసంభవం రాతప్రతిని గుర్తించి 1909లో మొదటి భాగాన్ని, 1914లో రెండవ భాగాన్ని ప్రచురించారు. ఒరయూరును ఏలిన చోడబల్లికీ శ్రీసతికీ కుమారుడైన నన్నెచోడుడు కవిరాజశిఖామణి, టెంకణాదిత్యుడు అనే బిరుదులు గల రాజకవి. తన పన్నెండాశ్వాసాల కావ్యాన్ని గురువు జంగమ మల్లికార్జునునికి అంకితం చేశాడు. రామకృష్ణకవి ఈ కవి కాలాన్ని 940 ప్రాంతంగా నిర్ణయించారు. అది నిలిస్తే నన్నయకు వంద ఏళ్ల ముందే తెలుగులో మహాకావ్యం వెలసినట్టవుతుంది.

ఈ ప్రకటన రేపిన చర్చ దశాబ్దాల పాటు సాగింది. కావ్యాన్ని స్వాగతించి కాలాన్ని అంగీకరించినవారు ఉన్నారు. కావ్యాన్ని అంగీకరించి కాలాన్ని తోసిపుచ్చినవారు ఉన్నారు. రాతప్రతినే శంకించినవారు ఉన్నారు. చాలా కాలం తరవాత కూడా కొర్లపాటి శ్రీరామమూర్తి ఇది ప్రాచీన కావ్యమేనా అన్న ప్రశ్నను లేవనెత్తారు. చర్చకు కేంద్రమైన అంశాల్లో రెండింటిని పరిశీలిస్తే స్పందనల స్వభావం తెలుస్తుంది.

మొదటిది పూర్వకవి స్తుతి. అందులో నన్నయ పేరు లేదు. నన్నయ తరవాతివాడైతే స్మరించి ఉండేవాడన్నది ప్రాచీనతావాదుల యుక్తి. ఇదీ అనుపలబ్ధి మీద ఆధారపడిన వాదమే. కాని ఇది యోగ్యానుపలబ్ధి అవునా అన్నది ప్రశ్న. ఆ స్తుతి ప్రధానంగా సంస్కృత కవులది. శైవకవి వేరొక సంప్రదాయానికి చెందిన తెలుగు కవిని తప్పక స్మరించాలన్న నియమం లేదు. వ్యాకరణం రాస్తూ పూర్వ వ్యాకరణం లేదని చెప్పిన కేతన మాటకూ, కావ్యం రాస్తూ ఒక కవి పేరు చెప్పని నన్నెచోడుని మౌనానికీ బరువులో చాలా తేడా ఉంది. రెండింటినీ మౌనం అన్న ఒకే మాటతో సమానం చేయడం కుదరదు.

రెండవది దేశికవితను గురించిన పద్యం. లోకంలో మార్గకవిత వెలసి ఉండగా సత్యాశ్రయుడు మొదలైన చాళుక్య రాజులు దేశికవితను పుట్టించి ఆంధ్రదేశంలో తెలుగును నిలిపారని నన్నెచోడుడు చెప్పాడు. ప్రాచీనతావాదులు దీన్ని నన్నయకు పూర్వమే చాళుక్యుల పోషణలో తెలుగు కవిత్వం వర్ధిల్లిందనడానికి ఆధారంగా తీసుకొన్నారు. ఎదుటి పక్షంవారు చాళుక్య నృపులలో రాజరాజనరేంద్రుడు కూడా చేరతాడు గనుక ఇది నన్నయ తరవాతి కవి వెనుదిరిగి చూసి చెప్పిన మాట అన్నారు. ఒకే పద్యం రెండు పక్షాలకూ సాక్ష్యమైంది. పద్యం రెండు అర్థాలకూ చోటిస్తున్నప్పుడు దానితో ఏ పక్షమూ గెలవదు. అయినా ఇరుపక్షాలూ దాన్ని తమ బలమైన ఆధారాల్లో ఒకటిగా చూపుతూ వచ్చాయి. తన పక్షానికి అనుకూలమైన అర్థం స్ఫురించగానే అన్వేషణ ఆగిపోవడం, ప్రతికూలమైన అర్థం కనిపించినప్పుడే రెండో అర్థం కోసం వెదకడం మానవ స్వభావం. పండితుడు దీనికి అతీతుడు కాడు.

చివరకు చాలామంది చరిత్రకారులు నన్నెచోడుణ్ని నన్నయకూ తిక్కనకూ నడుమ, 12వ శతాబ్దంలో నిలిపారు. జంగమ గురువు, శైవమత వాతావరణం, కన్నడ సంపర్కం, భాషారూపాలు, ఒకే పేరుతో పలువురు కనిపించే తెలుగు చోడుల వంశావళులు ఈ నిర్ణయానికి దోహదం చేశాయి. ఈ విధంగా సవరించిన ఆదికవి ప్రతిజ్ఞ పరీక్షలో నిలిచింది.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది. 940 అన్న తేదీని తోసిపుచ్చినవారి నిర్ణయం నిలిచింది. అంతమాత్రాన వారందరూ సరిగా స్పందించారని చెప్పలేము. నన్నయకు ముందు కావ్యం ఉండడానికి వీల్లేదు గనుక ఇది ఉండదు అనుకొన్నవారూ, భాషారూపాలను పరిశీలించి ఆ నిర్ణయానికి వచ్చినవారూ ఒకే ముగింపుకు చేరారు. దారులు మాత్రం వేరు. మొదటి దారిలో వెళ్లినవారికి రేపు నిజంగా 10వ శతాబ్దపు కావ్యం దొరికినా అదే సమాధానం ఉంటుంది. ముగింపు సరైనది కావడం ఆ దారికి యోగ్యతాపత్రం కాదు.

శంక వ్యక్తి మీదికి మళ్లడం మరింత హెచ్చరిక అవసరమైన సంగతి. రామకృష్ణకవి తరవాత నాట్యశాస్త్రానికి అభినవభారతి వ్యాఖ్యను గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలలో పరిష్కరించి ప్రకటించిన విద్వాంసుడు. ఆ సంపుటాల్లో మొదటిది 1926లో వెలువడింది. పరిష్కర్త సేవలు గొప్పవి గనుక ఆయన ప్రకటించిన ప్రతిని శంకించరాదనడం ఎంత అసంగతమో, ఆయన నిర్ణయించిన కాలం నిలవలేదు గనుక ప్రతి కల్పితమై ఉంటుందనడమూ అంతే అసంగతం. ప్రతి ప్రామాణికత, కావ్యకాలం, పరిష్కర్త వ్యక్తిత్వం మూడు వేర్వేరు ప్రశ్నలు. విశ్వాసానికి దెబ్బ తగిలిన వేడిలో ఈ మూడూ ఒకటిగా కలిసిపోతాయి. అసౌకర్యమైన సాక్ష్యాన్ని తెచ్చినవాని మీద అనుమానం మోపితే సాక్ష్యాన్ని పరిశీలించే శ్రమ తప్పుతుంది.

భాషావాదంలో దీని పర్యవసానం

ఈ వివాదాలు పండితుల గదుల్లోనే ఆగిపోలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చింతామణి పరంపరను ఆధారం చేసుకొన్నది. 20వ శతాబ్ది తొలి దశకాల్లో గ్రాంథిక వ్యావహారిక వాదాలు చెలరేగినప్పుడు ఈ వ్యాకరణ పరంపర ప్రామాణ్యం పాఠశాల పిల్లలు ఏ భాషలో రాయాలన్న ప్రశ్నతో ముడిపడింది. చింతామణి నన్నయదే అయితే దానికి విరుద్ధమైన పూర్వకవి ప్రయోగాలూ శాసన రూపాలూ తెలిసో తెలియకో చేసిన ఉల్లంఘనలు అవుతాయి. అది 17వ శతాబ్దంలో పుట్టినదైతే అవే రూపాలు వ్యాకరణకర్త గమనించని, లేదా అంగీకరించని భాషావాస్తవాలు అవుతాయి. రూపాలు మారవు. వాటిని దోషాలని పిలవాలా సాక్ష్యాలని పిలవాలా అన్నది కర్తృత్వ నిర్ణయం మీద ఆధారపడింది.

గిడుగు వెంకటరామమూర్తి పంతులు శాసనాల్లోనూ కావ్యాల్లోనూ వ్యాకరణానికి లొంగని రూపాలను కుప్పలుగా పోసి చూపారు. వాటిని లేఖకప్రమాదాలుగానో మూలలో పడి ఉన్న అపవాదాలుగానో పక్కన పెట్టే ధోరణి ఎదుటి పక్షంలో బలంగా ఉండేది. ఒకటి రెండు రూపాలు లేఖకప్రమాదాలు కావచ్చు. వేర్వేరు కాలాల్లో వేర్వేరు చోట్ల అదే రూపం మళ్లీ మళ్లీ కనిపిస్తే అది ప్రమాదం కాదు, వాడుక. ఈ వాదంలో గ్రాంథిక పక్షానికి నాయకత్వం వహించిన జయంతి రామయ్య పంతులే యుద్ధమల్లుని శాసనాన్ని లోకానికి పరిష్కరించి ఇచ్చారన్న విషయం మరవరాదు. ఒక సాక్ష్యాన్ని నిజాయతీగా వెలికితీసే విద్వాంసుడే దాని పర్యవసానాలను మరో రంగంలో అంగీకరించకపోవడం అసంభవం కాదు. విచారణకు ప్రతిబంధకం ఎల్లప్పుడూ అజ్ఞానమే కానక్కరలేదు. సాక్ష్యాన్ని ఒప్పుకొంటే ఏం వదులుకోవలసి వస్తుందన్న లెక్క కూడా అవుతుంది.

ముగింపు

పరిశీలించిన మూడు సందర్భాల్లో ప్రతికూల సాక్ష్యానికి వచ్చిన స్పందనలు నాలుగు తీరులుగా కనిపిస్తాయి. సాక్ష్యం లేకపోవడాన్ని కథతో పూరించడం ఒకటి. సాక్ష్యం విలువను తగ్గించడం ఒకటి. సాక్ష్యాన్ని తెచ్చినవానిని శంకించడం ఒకటి. విశ్వాసాన్ని కుదించి, పరీక్షకు లోబడే ప్రతిజ్ఞగా మార్చుకోవడం ఒకటి. నాలుగవదీ మొదటిదీ రెండూ విశ్వాసాన్ని కాపాడేవిగానే పైకి కనిపిస్తాయి. వాటిని వేరుచేసే కొలబద్ద, ఆ స్పందన దేన్ని వదులుకొన్నది, ఏ సాక్ష్యం వస్తే తాను తప్పని ఒప్పుకొంటుంది అన్న రెండు ప్రశ్నలే.

ఈ కొలబద్ద నేటి పరిశోధనకు కూడా వర్తిస్తుంది. తెలుగు ప్రాచీనతను నిరూపించాలన్న ఉత్సాహం ఒకప్పటి నన్నయ ప్రాథమ్య విశ్వాసానికి తలకిందులైన రూపం కాగలదు. నాడు నన్నయకు ముందు ఏదీ లేదని నిరూపించడానికి శాసనాలను తగ్గించారు. నేడు అంతా ముందే ఉందని నిరూపించడానికి శాసనంలోని ఒక్కొక్క మాటను పెంచి చదివే ప్రమాదం ఉంది. దిశ మారినా పద్ధతి అదే అయితే కేతన పద్యం వంటి సాక్ష్యాలు మళ్లీ ఎదురుగానే ఉండి కనిపించకుండా పోతాయి.

శాసనాల వల్ల నన్నయ చిన్నవాడు కాలేదు. శూన్యంలోంచి భాషను సృష్టించిన అద్భుతవ్యక్తికి బదులు, దేశి పద్యవిద్యనూ సంస్కృత కావ్యమర్యాదనూ చేతిలోకి తీసుకొని రెండింటినీ కలిపి నిలిపిన కవి కనిపించాడు. మొదటి రూపాన్ని పూజించడం తప్ప మరేమీ చేయలేము. రెండవ రూపాన్ని అధ్యయనం చేయవచ్చు. ప్రతికూల సాక్ష్యం తెలుగు సాహిత్య చరిత్రకు చేసిన మేలు ఇది.